అన్నం ఆఖరున: బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత మళ్లీ తినడం నేర్చుకోవడం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో భోజనం అన్నంతో మొదలవుతుంది. పళ్ళెంలో ముందుగా అన్నం పడుతుంది. పప్పు, పులుసు, కూర, చేప అన్నీ దానిలో కలుపుకోవడానికే వస్తాయి. ఎవరైనా సరిగా తిన్నారా లేదా అన్నది కూడా ఎంత అన్నం తిన్నారన్న దాన్ని బట్టే ఇంట్లో వాళ్ళు తేలుస్తారు. బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకుని విశాఖపట్నం నుంచో హైదరాబాదు నుంచో ఇంటికి చేరిన మనిషికి అసలైన చిక్కు ఈ వరుస దగ్గరే వస్తుంది. జీర్ణాశయంలో మిగిలిన చోటు నాలుగైదు ముద్దలకు మించనప్పుడు ఆ చోటంతా అన్నమే తీసుకుంటే, పప్పుకూ గుడ్డుకూ చేపకూ చోటుండదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే ఆహార పట్టికలో ఓట్సు, వెజిటబుల్ సూపు, గ్రిల్డ్ చికెన్ లాంటి మాటలు ఉంటాయి. వంటింట్లో చోడి (రాగి) అంబలి, పెసరపప్పు, కవ్వళ్ళ చేపల పులుసు ఉంటాయి. పట్టికలోని నియమాలను ఈ వంటింట్లోకి సరిగా తెచ్చుకోగలిగిన కుటుంబాల్లో కోలుకోవడం సాఫీగా సాగుతుంది. తెచ్చుకోలేని చోట పట్టిక రెండో వారానికే అటకెక్కుతుంది.

శస్త్రచికిత్స శరీరంలో ఏం మారుస్తుందో ముందుగా తెలిస్తే తర్వాతి నియమాలకు కారణం అర్థమవుతుంది. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నవి రెండు పద్ధతులు. మొదటిది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయాన్ని నిలువునా కత్తిరించి సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఉండే సన్నని గొట్టం, అందులో పట్టేది దాదాపు 100 నుంచి 150 మిల్లీలీటర్లు. తీసేసిన భాగంలోనే ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారవుతుంది కనుక మొదటి నెలల్లో చాలామందికి ఆకలే తెలియదు. రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. ఇందులో జీర్ణాశయం పైభాగంలో 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రం వేరు చేసి దాన్ని నేరుగా చిన్నపేగు మధ్య భాగానికి కలుపుతారు. ఆహారం మిగతా జీర్ణాశయాన్నీ చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండానే ముందుకు పోతుంది. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది ఆ తప్పించిన భాగంలోనే. రెండు పద్ధతుల్లోనూ పేగు నుంచి వెలువడే కొన్ని హార్మోన్లు పెరిగి కడుపు త్వరగా నిండినట్టు అనిపిస్తుంది, మధుమేహం ఉన్నవారిలో చక్కెర కొద్ది రోజుల్లోనే దిగడం మొదలవుతుంది. అందుకే శస్త్రచికిత్సకు ముందు వాడిన చక్కెర మాత్రలనూ ఇన్సులిన్‌నూ అదే మోతాదులో కొనసాగించకూడదు. తిండి పదో వంతుకు పడిపోయిన మనిషి పాత మోతాదు వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. రక్తపోటు మాత్రలను కూడా వైద్యుడు తిరిగి చూడాలి.

మళ్లీ తినడం మెట్టుమెట్టుగా సాగుతుంది. ఆసుపత్రిని బట్టి రోజులు కొద్దిగా మారినా క్రమం ఒకటే. మొదటి ఒకటి రెండు రోజులు తేట ద్రవాలు, తర్వాత దాదాపు రెండు వారాలు చిక్కని ద్రవాలు, ఆ తర్వాత రెండు వారాలు మెత్తగా మెదిపినవి, ఆపై మెత్తగా ఉడికినవి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మామూలు ఆహారం. కుట్లు వేసిన చోట గాయం మానడానికి పట్టే కాలమే ఈ క్రమానికి ఆధారం. కడుపు బాగానే ఉందనిపించి పదో రోజున పెరుగన్నం తినేయడం కుట్టు మీద ఒత్తిడి పెట్టడమే అవుతుంది. మొదటి వారాల్లో జ్వరం, గుండె దడ, ఆగని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి వస్తే కుట్టు లీకయిందేమోనని అనుమానించి వెంటనే శస్త్రచికిత్స చేసిన వైద్యుడి దగ్గరకే వెళ్ళాలి. గ్యాస్ అని మాత్ర వేసుకుని ఎదురుచూడకూడదు.

ద్రవాల దశలో ఇక్కడి ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు గంజి మీదా అంబలి మీదా నమ్మకం పెట్టుకోవడం. జబ్బుపడి లేచినవారికి గంజి పట్టించడం తరతరాల అలవాటు. చోడి అంబలి బలమన్న మాటలో నిజం కూడా ఉంది. వంద గ్రాముల చోడిపిండిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, మరే ధాన్యంలోనూ అంత లేదు. అయితే ఒక గ్లాసు పలుచని అంబలిలో పడే పిండి రెండు చెంచాలే కాబట్టి దాని నుంచి వచ్చే మాంసకృత్తులు ఒకటి రెండు గ్రాములకు మించవు. గంజిలో అంత కూడా ఉండదు. శస్త్రచికిత్స తర్వాత రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది అంతర్జాతీయంగా పాటించే లెక్క. అవి అందకపోతే శరీరం కొవ్వుతో పాటు కండనూ కరిగించుకుంటుంది, నీరసం వస్తుంది, మూడో నెల నుంచి రాలే జుట్టు మరింత రాలుతుంది. కాబట్టి ఆ రెండు వారాల్లో గ్లాసులో ఉండవలసినవి వెన్న తీసిన పాలు, చిక్కని మజ్జిగ, వడకట్టిన పప్పు కట్టు, కోడి ఎముకల రసం, వైద్యుడు రాసిచ్చిన ప్రోటీన్ పౌడరు. అంబలి చేసుకోవాలనుకుంటే నీళ్ళకు బదులు పాలతో కాచి, చల్లారాక అందులో ప్రోటీన్ పౌడరు కలిపితే అలవాటైన రుచీ పోదు, అవసరమూ తీరుతుంది. కొబ్బరి నీళ్ళు ఒంట్లో నీటిని నిలపడానికి మంచివే కానీ వాటిని ఆహారంగా లెక్కించకూడదు.

తాగే తీరు కూడా మారాలి. చెంబు ఎత్తి గటగటా తాగడం ఇక కుదరదు. మందు సీసాతో వచ్చే చిన్న కొలత కప్పుతో, అంటే 30 మిల్లీలీటర్ల చొప్పున, పది పదిహేను నిమిషాలకోసారి చప్పరిస్తూ రోజంతా తాగితేనే లీటరున్నర నీరు లోపలికి పోతుంది. మామూలు ఆహారం మొదలయ్యాక అన్నం మధ్యలో నీళ్ళు తాగే అలవాటు మానాలి. తినడానికి కాస్త ముందు ఆపి, తిన్న అరగంట తర్వాత మళ్ళీ మొదలుపెట్టాలి. నీళ్ళు ఉన్న కాస్త చోటునూ నింపేస్తాయి, లేదా తిన్నదాన్ని ముందుకు తోసేసి కడుపు నిండిన భావనను త్వరగా పోగొడతాయి. పులుసు, చారు, మజ్జిగ పోసుకుని జారుగా కలుపుకునే మన భోజనానికి ఈ నియమం సూటిగా తగులుతుంది. చారన్నం, మజ్జిగన్నం నమలకుండానే గొంతు దిగుతాయి. అందుచేత ఇక్కడి వాళ్ళకు నీళ్ళు వేరుగా తాగమంటే సరిపోదు, కలుపుకునే పలుచని వాటిని కూడా తగ్గించుకొమ్మని విడమరిచి చెప్పాలి.

ఇక అన్నం సంగతి. వండిన అన్నం వంద గ్రాముల్లో 130 కేలరీలు, దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. మాంసకృత్తులు రెండున్నర గ్రాములే. అంతకంటే ముందుగా అనుభవానికి వచ్చేది దాని జిగురు. సన్నని గొట్టంలో అన్నం ముద్దగా అంటుకుని ఛాతీ మధ్యలో పట్టేసినట్టు నొప్పి పుట్టిస్తుంది, నోట్లో నురగలాంటి లాలాజలం ఊరుతుంది, చివరికి వాంతి అవుతుంది. మెత్తని బ్రెడ్డు, పూరీ, దిబ్బరొట్టె లోపలి భాగం కూడా ఇలాగే పట్టేస్తాయి. పీచుగా ఉండే వేటమాంసం, ఎండిపోయేలా వేయించిన కోడిమాంసం కూడా మొదటి నెలల్లో దిగవు. చాలామంది దీన్ని అన్నం పడకపోవడంగా భావించి భయపడతారు. కానీ ముద్ద పెద్దదవడం, నమలకపోవడం, త్వరగా తినడం అనే మూడింటిలో ఏదో ఒకటి దీనికి కారణమవుతుంది. ముద్ద బఠాణీ గింజ అంత ఉండాలి. నోట్లో ఇరవై, ముప్పై సార్లు నలగాలి. భోజనానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పట్టాలి. చేత్తో కలిపి తినే అలవాటున్నవారికి వేళ్ళు తెలియకుండానే పాత కొలతలోనే ముద్ద చేస్తాయి కనుక మొదటి కొన్ని నెలలు చిన్న చెంచాతో తినడం మేలు. చిన్న గిన్నెలో పెట్టుకుంటే వడ్డించేవారి చేయి కూడా అదుపులో ఉంటుంది.

వరుస మార్చడం దీనికంటే ముఖ్యం. ముందు గుడ్డో చేపో పప్పో, తర్వాత మెత్తగా ఉడికిన కూర, చోటు మిగిలితే ఆఖరున రెండు చెంచాల అన్నం. అన్నాన్ని నిషేధించడం ఈ జిల్లాల్లో నిలిచే సలహా కాదు. నిషేధించిన అన్నం మూడో నెలలో రెట్టింపు కోరికతో వెనక్కి వస్తుంది. అన్నాన్ని ఆఖరుకు జరపడం మాత్రం చాలా ఇళ్ళలో సాధ్యమే. అందుకు కావలసిన సరుకు ఇక్కడ పుష్కలంగా దొరుకుతుంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సాగిన తీరంలో చందువ, వంజరం, కానగర్తలు, కవ్వళ్ళు, నెత్తళ్ళు దొరుకుతాయి. చేప కండ మెత్తగా విడిపోతుంది కనుక శస్త్రచికిత్స తర్వాత మాంసాహారంలో ముందుగా ఒంటికి సరిపడేది అదే. వంద గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పులుసులో ఉడికిన ముక్కను ముళ్ళు తీసి విడిగా తినాలి, పులుసును అన్నంలో పోసుకోకూడదు. ఎండు చేపలు మాత్రం ఉప్పు వల్లా గట్టిదనం వల్లా చాలాకాలం ఆగాలి.

ఒక రోజు లెక్క వేసి చూస్తే ఇది ఎంత దగ్గరగా కుదురుతుందో తెలుస్తుంది. రెండు గుడ్లు 12 గ్రాములు, వంద గ్రాముల చేప 18, మూడు వందల మిల్లీలీటర్ల పాలు 10, రెండు వందల గ్రాముల చిక్కని పెరుగు 6, ఒక చిన్న గిన్నె ముద్దపప్పు 6. మొత్తం 52 గ్రాములు. మిగిలింది ఒక చెంచా ప్రోటీన్ పౌడరుతో తీరుతుంది. ఇదంతా ఒక్క పూటలో తినగలిగేది కాదు, రోజులో ఐదారు చిన్న విడతలుగా సర్దుకోవాలి. శాకాహారులకు లెక్క కష్టమవుతుంది. పన్నీరు, మీల్ మేకరు, మొలకెత్తించి మెత్తగా ఉడికించిన పెసలు, బాగా ఉడికించి మెదిపిన ఉలవలు వాడుకోవాలి, పౌడరు మీద ఆధారపడటం కొంత పెరుగుతుంది. పలాస జీడిపప్పు ఇంట్లో చేతికందే దూరంలో ఉంటుంది కాబట్టి ఒక మాట. అందులో మాంసకృత్తులు ఉన్నా వంద గ్రాములకు 550 కేలరీలకు పైగా ఉంటాయి. ఏదో పని చేసుకుంటూ పిడికెడు తినేస్తే కడుపు నిండినట్టు తెలియదు, బరువు తగ్గడం మాత్రం ఆగిపోతుంది.

తీపి గురించి విడిగా చెప్పుకోవాలి. ఉత్తరాంధ్ర వంటలో బెల్లం కూరల్లోకీ పులుసుల్లోకీ కూడా చేరుతుంది. బైపాస్ చేయించుకున్నవారికి చక్కెర గానీ బెల్లం గానీ ఒక్కసారిగా చిన్నపేగులో పడితే పేగులోకి నీరు గుంజుకుని పది నుంచి ముప్పై నిమిషాల్లో కడుపు మెలిపెట్టడం, విరేచనం, చెమటలు, గుండె దడ, కళ్ళు తిరగడం వస్తాయి. దీన్ని డంపింగ్ అంటారు. కొందరిలో తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య ఇన్సులిన్ అతిగా ఊరి చక్కెర పడిపోయి వణుకు, చెమట, స్పృహ తప్పడం లాంటివి కూడా కనిపిస్తాయి. స్లీవ్ చేయించుకున్నవారిలో ఇది తక్కువే గానీ అసలు రాదని చెప్పలేం. నీరసం అనుకుని వెంటనే గ్లూకోజు నీళ్ళో చెరకురసమో పట్టిస్తే మొదటి రకం డంపింగ్ ఇంకా ముదురుతుంది. రెండో రకంలో ఆ క్షణానికి చక్కెర అవసరమే అయినా, దాని వెంటనే గుడ్డో పాలో తీసుకోకపోతే గంట తర్వాత అదే పరిస్థితి తిరిగి వస్తుంది. ఇలా పదే పదే జరుగుతుంటే వైద్యుడికి చెప్పాలి. భీమాళి మామిడి తాండ్ర, అరిసె, చిమ్మిలి ఉండ లాంటివి జీవితాంతం మానేయాలని ఎవరూ అనరు. మొదటి ఏడాది దూరంగా ఉంచి, తర్వాత భోజనం చివర గోరంత ముక్కతో పరీక్షించి చూసుకోవడమే పద్ధతి.

ఈ వ్యాసంలో అన్నిటికంటే గట్టిగా చెప్పవలసిన విషయం వాంతులు, సెలైన్. శస్త్రచికిత్స తర్వాత వాంతులు అరుదు కాదు. తొందరగా తినడం వల్ల ఒకటి రెండు సార్లు అయితే తిండి తీరు సరిచేసుకుంటే ఆగిపోతాయి. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య మెత్తనివి కూడా దిగక వాంతులు పెరుగుతుంటే కుట్టిన చోట దారి సన్నబడిందేమోనని ఎండోస్కోపీతో చూడాలి. ఆ లోగా ఒంట్లో థయామిన్ అనే బీ1 విటమిన్ నిల్వ అయిపోతుంది. శరీరం దాన్ని రెండు మూడు వారాలకు మించి దాచుకోలేదు. థయామిన్ పూర్తిగా తగ్గిపోతే కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి, నడక తూలుతుంది, చూపు రెండుగా కనబడుతుంది, మాట తడబడి మనిషి అయోమయంలో పడతాడు. ఈ దశలో చికిత్స కొన్ని గంటలు ఆలస్యమైనా మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. ఊళ్ళో వాంతులూ నీరసమూ కనబడగానే జరిగేది ఏమిటో అందరికీ తెలిసిందే. దగ్గర్లోని ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజు సీసా పెట్టిస్తారు. థయామిన్ లేని ఒంట్లోకి గ్లూకోజు ఎక్కిస్తే దాన్ని ఖర్చు చేయడానికి మిగిలిన ఆ కాస్త థయామిన్ కూడా హరించుకుపోయి, మెదడు జబ్బు ఆ సీసాతోనే బయటపడవచ్చు. గ్లూకోజు కంటే ముందు, కనీసం దానితో పాటు థయామిన్ ఇంజెక్షన్ పడాలి. ఇది ఖరీదైన మందు కాదు. దాని అవసరం సీసా పెట్టేవారికి తెలియాలి, అంతే.

ఈ ప్రాంతానికి థయామిన్ లోపం కొత్త కాదు. ఒకప్పుడు ఉత్తర సర్కారులని పిలిచిన ఈ తీరంలో ఆ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు ఎంతగా వ్యాపించి ఉండేదంటే, 1835లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన వైద్యుడు మాల్కమ్‌సన్ దాని గురించి విపులంగా రాశాడు. దంపుడు తగ్గి మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినడంతో తవుడు పొరలోని థయామిన్ పోతుందని, ఉడికించి ఎండబెట్టిన ఉప్పుడు బియ్యంలో అది గింజలోకి ఇంకి నిలుస్తుందని తర్వాతి కాలపు పరిశోధనలు తేల్చాయి. పప్పులు, గుడ్లు, పాలు విరివిగా అందిన తర్వాత ఆ జబ్బు జనంలోంచి తొలగింది. శస్త్రచికిత్స తర్వాత తెల్లన్నం గంజితో, మజ్జిగతో నెల రోజులు గడిపి, పైన వాంతులు కూడా అవుతున్న మనిషి తన ఒక్క ఒంట్లో పాత పరిస్థితినే తిరిగి తెచ్చుకున్నట్టవుతుంది.

విటమిన్లను బలం మందులుగా, తగ్గాక మానేసేవిగా చూడటం ఇంకో సాధారణ పొరపాటు. బైపాస్ తర్వాతా స్లీవ్ తర్వాతా వాటిని జీవితాంతం వాడాలి. రోజూ ఒక మల్టీవిటమిన్, విటమిన్ డీ, రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం, బీ12 మాత్రగా లేదా నెలకోసారి వెయ్యి మైక్రోగ్రాముల ఇంజెక్షన్‌గా, నెలసరి వచ్చే స్త్రీలకూ బైపాస్ వాళ్ళకూ రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాల్షియాన్ని ఒకే మాత్రగా వేసుకుంటే ఒంటికి పట్టదు, 500 మిల్లీగ్రాముల చొప్పున విడగొట్టి, సిట్రేట్ రూపంలో తీసుకోవాలి. ఇనుము మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. టిఫిన్ అయిన వెంటనే తాగే టీ కూడా ఇనుమును పట్టనివ్వదు. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నప్పుడు, శస్త్రచికిత్సకు ముందే హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న స్త్రీ ఈ మాత్రలు మానేస్తే ఏడాది తిరిగేసరికి ఏ స్థితిలో ఉంటుందో ఊహించడం కష్టం కాదు. గర్భం ధరించాలనుకునేవారు బరువు వేగంగా తగ్గే మొదటి పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు ఆగమనడం కూడా ఇందుకే.

ఉద్దానం వైపు వారికి ఇంకొంత జాగ్రత్త కావాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో దశాబ్దాలుగా వ్యాపించిన మూత్రపిండాల జబ్బుకు అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అక్కడి మనిషికి బరువు తగ్గించే శస్త్రచికిత్స చేసేటప్పుడు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా 80 గ్రాముల మాంసకృత్తుల పట్టిక చేతిలో పెట్టడం తగదు. ఆ మోతాదును మూత్రపిండాల వైద్యుడు నిర్ణయించాలి. ఎండలో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసేవారు ఒకేసారి లోటా నీళ్ళు తాగలేని స్థితిలో ఉంటారు కనుక మొదటి వేసవి గడిచేవరకు ఎండపనికి దూరంగా ఉండటమే మంచిది. బైపాస్ తర్వాత మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్ళు ఏర్పడే అవకాశం కూడా పెరుగుతుంది, నీరు తగ్గితే అది ఇంకా ఎక్కువవుతుంది. ఒళ్ళునొప్పులకు దుకాణంలో కొని వేసుకునే డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి మాత్రలు మూత్రపిండాలకు ఎలాగూ చేటు చేస్తాయి. బైపాస్ చేసిన కడుపులో అవి కుట్టు దగ్గర పుండు కూడా పుట్టిస్తాయి. పారాసిటమాల్ వాడుకోవచ్చు. నొప్పికి ఇంజెక్షన్ వేయించుకుంటే కడుపుకు తగలదన్న నమ్మకం తప్పు, అదే మందు రక్తం ద్వారా వెళ్ళి అదే పని చేస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి ఈ పరీక్షలకు దగ్గరి చోటు.

ఆహారం ఇంట్లో ఒక్కరి వ్యవహారంగా ఉండదు. పెళ్ళి భోజనంలో ఆకు ముందు కూర్చుని మూడు చెంచాలతో లేవడం మన వైపు మర్యాదకు విరుద్ధం. కొసరి కొసరి వడ్డించడం ప్రేమ కిందే లెక్క. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవానికి చుట్టాలతో ఇల్లు నిండిన రోజున, నాలుగు నెలల క్రితం శస్త్రచికిత్స చేయించుకున్న కోడలు గిన్నెలో గుడ్డు పెట్టుకుని పక్కన కూర్చుంటే అడిగేవారే ఎక్కువ. చిక్కిపోయిందనీ, ముఖం పీక్కుపోయిందనీ, ఇంత డబ్బు పోసి ఆకలి చంపుకున్నారనీ మాటలు వస్తాయి. మొదటి ఏడాది రెండేళ్ళలో మొత్తం బరువులో 25 నుంచి 30 శాతం దాకా తగ్గడం ఆశించిన ఫలితమే గానీ చూసేవారికి అది జబ్బులా కనిపిస్తుంది. ఈ మాటలకు బదులు చెప్పే భారం రోగి మీద వేయకుండా ఇంటి పెద్దలు ఎవరో ఒకరు తీసుకోవాలి. అత్తగారో పెద్దాడపడుచో ఒక్క మాట అంటే ఊరుకునే చుట్టాలు, రోగి స్వయంగా ఎంత వివరించినా ఊరుకోరు. అలాగే అందరూ తిన్నాక ఆడవాళ్ళు మిగిలింది తినే ఇళ్ళలో, రోజుకు ఐదారు సార్లు వేళకు తినవలసిన స్త్రీకి ముందుగా పెట్టే ఏర్పాటు లేకపోతే ఏ పట్టికా పనిచేయదు. పప్పు, చేప ముక్కలు అయిపోయి అన్నమూ చారూ మిగిలిన వేళకు ఆమె వంతు వస్తుంది.

ఉపవాసాల మాట కూడా ముందే అనుకోవాలి. శనివారాలు, కార్తీక సోమవారాలు పగలంతా పస్తుండి రాత్రి ఒకేసారి తినే పద్ధతి మొదటి ఏడాది తగదు. నీరు కూడా ముట్టని ఉపవాసం ఎప్పటికీ తగదనే చెప్పాలి. కార్తీక మాసంలో నీసు మానేసే ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. చేప, గుడ్డు రెండూ పోతే రోజు లెక్కలో ఒక్కసారిగా 30 గ్రాములు తగ్గుతాయి. ఆ నెలకు పన్నీరు, మీల్ మేకరు, పాలు, పౌడరు ముందుగా సిద్ధం చేసుకుంటే నియమమూ నిలుస్తుంది, ఒళ్ళూ నిలుస్తుంది. మద్యం సంగతి వేరు. శస్త్రచికిత్స తర్వాత అది చాలా వేగంగా రక్తంలో కలుస్తుంది, మత్తు త్వరగా ఎక్కి ఆలస్యంగా దిగుతుంది. అంతకు ముందు అలవాటు లేనివారిలో కూడా రెండో ఏడాది తర్వాత, ముఖ్యంగా బైపాస్ వాళ్ళలో, తాగుడు వ్యసనంగా మారిన సందర్భాలు వైద్యులు గమనించారు. కల్లు బలమని, తేలికని తీసుకోవడం కూడా ఇందులోకే వస్తుంది.

మొదటి నెలల్లో పోయిన ఆకలి శాశ్వతంగా పోదు. ఏడాది, ఏడాదిన్నర తర్వాత అది మెల్లగా తిరిగి వస్తుంది, కడుపు కూడా కొంత సాగుతుంది. బరువు తగ్గడం ఆగి నాలుగైదు కిలోలు పెరగడం చాలామందిలో కనిపించే సహజ పరిణామమే. అంతకు మించి పెరుగుతుంటే చాలాసార్లు కారణం అన్నంలో కూడా ఉండదు. జంతికలు, మిక్చరు, బిస్కట్లు, సేమియా పాయసం, ఐస్‌క్రీం లాంటివి నోట్లోనే కరిగి సన్నని గొట్టంలోంచి జారిపోతాయి. కడుపు నిండినట్టు చెప్పవు. గుడ్డు సగంలో ఆపేసే కడుపే పావుకిలో మిక్చరును సాయంత్రం టీవీ ముందు తీసుకుంటుంది. చేప దిగడం లేదని, గుడ్డు వాసన వస్తోందని వదిలేసి, సులువుగా పోయేవాటికి మళ్ళినవారిలో ఒంటికి మాంసకృత్తులు తగ్గడం, బరువు పెరగడం రెండూ కలిసి వస్తాయి. కొందరికి దుఃఖంలో, కోపంలో, ఒంటరితనంలో తిండే తోడుగా ఉండి ఉంటుంది. ఆ తోడు ఒక్కసారిగా పోయినప్పుడు కుంగుబాటు రావచ్చు. భర్త వలస పనికి వెళ్ళి పిల్లలతో ఒక్కతే ఉండే ఇళ్ళలో దీన్ని కనిపెట్టేవారు కూడా ఉండరు. ఇది మనసు బలహీనత అనుకుని సిగ్గుపడకుండా మానసిక వైద్యుణ్ణి కలవాలి. జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో ఆ విభాగాలు ఉన్నాయి.

శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రి విశాఖపట్నంలో ఉన్నా శ్రీకాకుళం పట్టణానికి వంద కిలోమీటర్లకు పైగా దూరం, ఇచ్ఛాపురానికి అంతకు రెట్టింపు. కడుపునొప్పి వచ్చిన రాత్రి ఎవరూ అంత దూరం వెళ్ళరు, దగ్గర్లో ఉన్న వైద్యుడినే చూస్తారు. ఆయన ముందు ఒక కాగితం ఉండాలి. ఏ శస్త్రచికిత్స జరిగింది, ఏ తేదీన, ఎవరు చేశారు, వారి ఫోను నంబరు, ప్రస్తుతం వాడుతున్న మందులు, నొప్పి మాత్రల్లో ఏవి ఇవ్వకూడదు, వాంతులు ఉంటే గ్లూకోజుకు ముందు థయామిన్ ఇవ్వాలన్న సూచన అందులో తెలుగులో రాసి ఉండాలి. ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో ఎన్నో పేజీలు ఉంటుంది, అత్యవసరంలో దాన్ని చదివే తీరిక ఎవరికీ ఉండదు. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపై ఏడాదికోసారి చేయించవలసిన హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బీ12, విటమిన్ డీ, కాల్షియం, ఆల్బుమిన్, క్రియాటినిన్ పరీక్షల రక్తం జిల్లా కేంద్రంలోనే ఇవ్వవచ్చు. ఫలితాలను ఫోనులో ఫొటో తీసి శస్త్రచికిత్స చేసిన వైద్యుడికి పంపి, మందుల మోతాదు మార్చాలేమో అడిగి, ఆ జవాబును కూడా అదే కాగితం వెనక తేదీ వేసి రాసుకోవాలి.